తప్పు జవాబును చదవడం

(హైదరాబాద్‌లో ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయుల సమావేశంలో ఈమధ్యే రిటైరైన ఒక గణిత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగం. మధ్యలో సభ నుంచి వచ్చిన ప్రశ్నలతో సహా, మాట్లాడింది మాట్లాడినట్టే రాసుకున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక వరస వాళ్ళకి వినపడుతోందా? సరే. ముందు రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, గోడకి ఆనుకుని నిలబడ్డ సార్లు వచ్చి కూర్చోండి, నేను కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను.

నేను ముప్ఫై ఏళ్ళు ఈ ఊళ్ళోనే లెక్కలు చెప్పాను. కొన్నేళ్ళు పాతబస్తీ వైపు, కొన్నేళ్ళు సికింద్రాబాద్ వైపు. ఈమధ్యే రిటైరయ్యాను. దేశమంతా ఒకే కొలతతో పెట్టే ఈ కొత్త పరీక్షలకి బడుల్ని, టీచర్లని ఎలా సిద్ధం చేయాలో చెప్పమని నన్ను పిలిచారు. నాకు తెలిసింది ఒక్కటే విషయం, దాన్నే నాలుగు వైపుల నుంచి చెప్తాను. పిల్లవాడు పెట్టిన తప్పు జవాబుని చదవడం మనకి రావాలి. అది రాకుండా ఎన్ని మోడల్ పేపర్లు రాయించినా, గుండ్రాలు నింపి జవాబు గుర్తించే ఓఎంఆర్ షీట్లు ఎన్ని బండిళ్ళు కొన్నా పిల్లలకి ఒరిగేదేమీ ఉండదు.

2024 డిసెంబర్ 4 గుర్తుందా మీకు? పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్, అంటే దేశమంతా పిల్లలు ఎంతవరకు నేర్చుకున్నారో చూసే సర్వే, జరిగిన రోజు. అంతకుముందు దాన్ని న్యాస్, నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే, అనేవాళ్ళం, 2017 నవంబర్ 13న ఒకసారి, కోవిడ్ తర్వాత బడులు తెరిచిన కొత్తలో 2021 నవంబర్ 12న ఇంకోసారి పెట్టారు. 2024 దాంట్లో 3, 6, 9 తరగతులు, 781 జిల్లాలు, 74 వేలకు పైగా బడులు, 21 లక్షలకు పైగా పిల్లలు. మరి ఆ పరీక్షకి ముందు నవంబర్ నెల మన ప్రైమరీ బడులు ఎలా నడిచాయో గుర్తు తెచ్చుకోండి. నవంబర్ 6 నుంచి మన రాష్ట్రంలో కులగణన కోసం ఇంటింటి సర్వే మొదలైంది, ప్రైమరీ బడుల టీచర్లు, అదే ఎస్జీటీలు, ఆ డ్యూటీలో ఉన్నారు, మధ్యాహ్నం దాటితే ఫారాలు పట్టుకుని గల్లీల్లో తిరుగుతున్నారు, బడులు ఒంటిపూట. ఆ మిగిలిన ఒక్క పూటలోనే మోడల్ పేపర్లు. నేను పనిచేసిన హైస్కూల్లో కూడా ఒకరోజు ఆరో తరగతి పక్క నుంచి వెళ్తుంటే లోపల్నించి కోరస్ వినపడింది, "ఒకటి బీ, రెండు డీ, మూడు ఏ" అని, ఎక్కాలు చదివినట్టు. లోపలికెళ్ళి ఒక పాపని అడిగాను, ఏంటమ్మా ఇది అని. "రేపు పరీక్షలో ఇవే వస్తాయంట మేడం, వరస గుర్తుపెట్టుకుంటున్నాం" అంది. ఎంత శ్రద్ధగా చెప్పిందో. ఆ శ్రద్ధని మనం ఎక్కడికి మళ్ళించామో తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది.

ఆ పాపకి ఆ పరీక్షలో మార్కులు రావు అని ఎవరూ చెప్పలేదు. అసలు మనలో కొంతమందికి కూడా తెలియదు. ఇది శాంపిల్ సర్వే. కొన్ని బడులు ఎంచుకుంటారు, అందులో కొంతమంది పిల్లల్ని ఎంచుకుంటారు, ఏ పిల్లకి ఎంత వచ్చిందని ఎక్కడా చెప్పరు, జిల్లా మొత్తం మీద ఏ అంశంలో పిల్లలు ఎక్కడున్నారో చెప్తారు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి గిన్నెలో మెతుకులన్నీ పట్టుకోం కదా, ఒక మెతుకు నలిపి చూస్తాం. ఇప్పుడు ఎవరో వచ్చి మెతుకు పట్టి చూస్తారని తెలిసి మనం నాలుగు మెతుకులు తీసి విడిగా గరిటెలో ఉడికించి పైన పెట్టామనుకోండి. చూసేవాళ్ళు బాగా ఉడికింది అని పొయ్యి ఆర్పేసి వెళ్ళిపోతారు. గిన్నెలో ఉన్నది ఎవరు తినాలి? మన పిల్లలే తినాలి.

ఇది నేను గాలిలో చెప్పడం లేదు. నేను చేసిన పనే ఒకటి చెప్తాను, ఇన్నేళ్ళలో బయట ఎక్కడా చెప్పలేదు. చాలా ఏళ్ళ కింద, బడి పేరు వద్దు, పిల్లలకి అప్పటికి ఎంత వచ్చో చూడటానికి ఒక బేస్‌లైన్ పరీక్ష పెట్టారు. మా బడికి చెడ్డపేరు వస్తుందని అందరం భయపడ్డాం. నేను ఇన్విజిలేషన్‌లో ఉన్నాను. భిన్నాల ప్రశ్న దగ్గర పిల్లలు తికమక పడుతున్నారు, పెద్ద హరం ఉంటే పెద్ద భిన్నం అనుకుంటున్నారు, మూడో వంతు కంటే ఐదో వంతు ఎక్కువ అని పెడుతున్నారు. నేను బెంచీల మధ్య తిరుగుతూ సరైన ఆప్షన్ మీద వేలు పెట్టి పోయాను, ఒక్కో బెంచీ దగ్గర. రిపోర్ట్ వచ్చింది, భిన్నాల్లో మా పిల్లలు చాలా బాగున్నారని. దాంతో ఆ ఏడాది టీచర్ల ట్రైనింగ్‌లో మా కాంప్లెక్స్‌కి, అంటే మా చుట్టుపక్కల బడుల గుంపుకి, భిన్నాలు తీసేశారు, వీళ్ళకి అవసరం లేదని. ఆ పిల్లలే పై తరగతికి వచ్చి నా దగ్గరే నిష్పత్తి, అనుపాతం నేర్చుకోవాల్సి వచ్చింది. భిన్నం రాని పిల్లకి నిష్పత్తి ఎలా వస్తుంది? పదో తరగతి దాకా ఆ బ్యాచ్‌తో నేను పడ్డ కష్టం నాకే తెలుసు. కాదు, కష్టం వాళ్ళది. నా వేలు వాళ్ళని అక్కడికి తెచ్చింది.

మన దగ్గరే కాదు, ఎక్కడైనా ఇంతే. అమెరికాలో అట్లాంటా నగరంలో 2009 పరీక్షల్లో పిల్లల తప్పు జవాబులు చెరిపి టీచర్లే ఒప్పులు దిద్దారని 2011లో రాష్ట్ర దర్యాప్తు తేల్చింది. 44 బడులు, 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ళు. 2015లో 11 మంది కోర్టులో దోషులుగా తేలారు. వాళ్ళంతా చెడ్డవాళ్ళని నేననుకోను. మార్కులు పెరగకపోతే ఉద్యోగం పోతుందని పైనుంచి ఒత్తిడి, కింద పిల్లలకి చదవడం రావడం లేదు, మధ్యలో టీచర్ చేతిలో రబ్బరు. మార్కుకి మనిషి భవిష్యత్తుని కట్టేస్తే ఆ మార్కు ఇక నిజం చెప్పదు. అందుకే ఇక్కడున్న హెడ్మాస్టర్లకి, మండల విద్యాధికారులకి చేతులు జోడించి ఒక మాట చెప్తున్నాను. సర్వే ఫలితాలు పట్టుకుని ఏ టీచర్‌కీ మెమో ఇవ్వకండి. ఒక్క మెమో ఇచ్చారంటే మరుసటి సర్వేలో మీకు వచ్చేవన్నీ గరిటెలో ఉడికించిన మెతుకులే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తప్పు జవాబుని చదవడం అంటే ఏమిటి?

ఏడాది పొడుగునా మన బడుల్లో పెట్టే ఎఫ్ఏ, ఎస్ఏ పరీక్షల్లో ప్రశ్న ఎక్కడి నుంచి వస్తుందో పిల్లలకి తెలుసు. పాఠం వెనక అభ్యాసం, లేకపోతే గైడు, లేకపోతే మనమే బోర్డు మీద రాసిచ్చే ఇంపార్టెంట్ క్వశ్చన్లు. పదో తరగతి బిట్ పేపర్ అయితే చెప్పక్కర్లేదు. ఈ కొత్త పరీక్షల్లో పాఠంలోని వాక్యం ఉండదు. ఒక సందర్భం ఇస్తారు, ఒక బొమ్మ, ఒక పట్టిక, ఒక నోటీసు ఇచ్చి ఆలోచించమంటారు. నేను తయారుచేసిన ప్రశ్న ఒకటి చెప్తాను, హైదరాబాద్ పిల్లలందరికీ తెలిసిన సంగతే. మెట్రో ఎర్ర లైన్ మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా సుమారు 29 కిలోమీటర్లు, మొత్తం 27 స్టేషన్లు. పక్కపక్క స్టేషన్ల మధ్య సగటు దూరం కనుక్కోవాలంటే ఏం చేయాలి? ఏ: 29ని 27తో గుణించాలి. బీ: 27ని 29తో భాగించాలి. సీ: 29ని 27తో భాగించాలి. డీ: 29ని 26తో భాగించాలి.

మీలో ఎంతమంది సీ అనుకున్నారు? పర్లేదు, చేతులెత్తండి. చూశారా, సగం మంది. నేను ఎనిమిదో తరగతిలో ఇచ్చినప్పుడు కూడా ఎక్కువమంది సీ పెట్టారు. ఇప్పుడు ఆలోచించండి, సీ పెట్టిన పిల్లవాడికి ఏమీ రాదా? వాడికి సగటు వచ్చు, భాగహారం వచ్చు, దేన్ని దేనితో భాగించాలో కూడా చాలావరకు తెలుసు. వాడికి తెలియనిది ఒక్కటే, ఐదు వేళ్ళుంటే సందులు నాలుగే ఉంటాయని. ఆ పిల్లవాడికి చెయ్యి చాపి వేళ్ళు చూపిస్తే చాలు, లేకపోతే సంక్రాంతి ముగ్గు చుక్కలు పెట్టించి మధ్యలో ఖాళీలు లెక్కపెట్టిస్తే చాలు, రెండు నిమిషాల పని. బీ పెట్టినవాడు వేరు. వాడికి భాగహారం చేయాలని తెలుసు, ఏది ఏంటో తెలియదు, వాడితో దూరాన్ని పంచడం గురించి మాట్లాడాలి, ఒక పీరియడ్ పడుతుంది. ఏ పెట్టినవాడు రెండు అంకెలు కనపడ్డాయి కాబట్టి గుణించాడు, వాడు ప్రశ్న చదవలేదేమో, చదవడం రాదేమో, ముందు వాడిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రశ్న పైకి చదివించాలి. ముగ్గురికీ మన రిజిస్టర్‌లో పడేది ఒకటే, సున్నా. ముగ్గురికీ మనం చేసేది కూడా ఒకటే, సగటు పాఠం మొదట్నించి మళ్ళీ చెప్పడం. మొదటివాడికి విసుగు, మూడోవాడికి అప్పుడూ అర్థం కాదు.

మంచి పరీక్షలో తప్పు ఆప్షన్లు ఊరికే నింపరు. ఒక్కో తప్పు ఆప్షన్ వెనక పిల్లలు నిజంగా చేసే ఒక్కో పొరపాటు ఉంటుంది. దశాంశాలే తీసుకోండి, 0.8 పెద్దదా 0.35 పెద్దదా అంటే 0.35 అనే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు, ఎందుకంటే 8 కంటే 35 పెద్దది. వాళ్ళకి ఇది తప్పుగా అనిపించదు, ఇన్నేళ్ళు మనం నేర్పిన పూర్ణసంఖ్యల సూత్రమే కదా వాడారు. స్కేలు సంగతి చూడండి, పెన్సిల్ ఒక కొన 2 దగ్గర, ఇంకో కొన 7 దగ్గర ఉన్న బొమ్మ ఇచ్చి పొడవెంత అంటే 7 అంటారు, ఎందుకంటే మనం ఎప్పుడూ సున్నా దగ్గరే పెట్టి కొలిపించాం, చివర అంకె చదవడమే కొలవడం అని వాళ్ళు అర్థం చేసుకున్నారు. కొందరు 6 అంటారు. వాళ్ళు 2, 3, 4, 5, 6, 7 అని గీతలు లెక్కపెట్టారు, మళ్ళీ అదే వేళ్ళూ సందుల సంగతి. చూశారా, మెట్రో ప్రశ్నలో ఎనిమిదో తరగతి పిల్లవాడు తప్పిందీ మూడో తరగతి పాప స్కేలు దగ్గర తప్పిందీ ఒకే తప్పు. మూడో తరగతిలో ఎవరూ పట్టుకోలేదు కాబట్టి ఐదేళ్ళు దాన్ని మోసుకుని వచ్చాడు. ఈ విషయం కనిపెట్టిన రోజు నేను స్టాఫ్ రూంలో అందర్నీ పిలిచి చెప్పాను, అంత సంతోషం, అంత బాధ ఒకేసారి వచ్చాయి.

2024 సర్వే దేశం మొత్తం మీద చెప్పింది కూడా ఇలాంటిదే. మూడో తరగతిలో 99 వరకు సంఖ్యల్ని ఆరోహణ, అవరోహణ క్రమంలో పెట్టగలిగిన పిల్లలు 55 శాతం. ఆరో తరగతిలో కనీసం 10 వరకు ఎక్కాలు వచ్చినవాళ్ళు 53 శాతం. ఇవి పేపర్లో చదివి అయ్యో అనుకుని వదిలేసే అంకెలు కావు. మీ ఆరో తరగతిలో నలభై మంది ఉంటే, మీ క్లాస్ దేశం సగటులా ఉందనుకుంటే, దగ్గర దగ్గర పంతొమ్మిది మందికి ఎక్కాలు రాకుండా మీరు బీజగణితం మొదలుపెట్టబోతున్నారు. ఆ పంతొమ్మిది మంది పేర్లు మీకు తెలుసా? సర్వే ఆ పేర్లు చెప్పదు. అది మన పని, అందుకు ఒక పూట చాలు.

ఒక మేడం చెయ్యెత్తారు, చెప్పండి మేడం. ఆ, మైక్ అక్కర్లేదు, నేను చెప్తాను. మేడం అడుగుతున్నారు, "మా బడిలో ఇద్దరమే టీచర్లం, ఐదు తరగతులు, ఇవన్నీ ఎప్పుడు చేయాలి?" అని. న్యాయమైన ప్రశ్న. ఖాళీలు నింపమని, డ్యూటీలు తగ్గించమని మనం అడుగుతూనే ఉండాలి, ఈ సభలో పెద్దల ముందు నేనూ అడుగుతున్నాను. కానీ ఈ సోమవారం మీరు బడికి వెళ్ళాలి కాబట్టి, చిన్నది చెప్తాను. రోజూ ఒక్క ప్రశ్న. రాయించడం కూడా వద్దు, బోర్డు మీద రాయండి, పిల్లలు వేళ్ళతో చూపిస్తారు, ఏ అయితే ఒక వేలు, బీ అయితే రెండు. అందరూ ఒకేసారి, కళ్ళు మూసుకుని, పక్కవాళ్ళని చూడకుండా. అర నిమిషంలో మీకు తరగతి మొత్తం కనపడుతుంది. ఎక్కువమంది ఏ తప్పు దగ్గర ఉన్నారో అక్కడ ఒక పిల్లని అడగండి, "ఎలా అనుకున్నావమ్మా?" అని, కోపం లేకుండా. తొలిమెట్టు, ఉన్నతి కార్యక్రమాల్లో మీరు ఇప్పటికే పిల్లల్ని స్థాయిల వారీగా చూస్తున్నారు, ఇది దానికి అదనపు రిజిస్టర్ కాదు. దయచేసి దీనికి ప్రొఫార్మా తయారుచేయకండి, ప్రొఫార్మా వచ్చిన రోజు ఇది చచ్చిపోతుంది.

భాష గురించి చెప్పకపోతే ఈ ఊరికి అన్యాయం చేసినట్టే. హైదరాబాద్‌లో ఒకే తరగతిలో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు, ఉర్దూ మాట్లాడేవాళ్ళు, బీహార్ నుంచీ ఒడిశా నుంచీ పనికి వచ్చిన వాళ్ళ పిల్లలు ఉంటారు. 2022లో ఇంగ్లిష్ మీడియం మొదలైంది, రెండు భాషల పుస్తకాలు వచ్చాయి, ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్. లెక్కల ప్రశ్న నాలుగు లైన్ల ఇంగ్లిష్‌లో ఇస్తే పిల్లవాడు తప్పింది లెక్కా, ఇంగ్లిషా? నేను ఒకసారి చేసి చూశాను, అదే ప్రశ్న ఇంగ్లిష్‌లో తప్పిన పిల్లల్ని పిలిచి తెలుగులో చదివి వినిపించాను, ఉర్దూ పిల్లలకి పక్క టీచర్‌తో చెప్పించాను. చాలామంది వెంటనే సరిగ్గా చేశారు. వాళ్ళకి నేను పెట్టిన సున్నాలు లెక్కల సున్నాలు కావు. కాబట్టి ఏ తప్పు చూసినా మొదటి పని ప్రశ్నని పిల్లవాడి ఇంటి భాషలో ఒకసారి చెప్పి చూడటం. అప్పుడు కూడా తప్పితేనే లెక్క దగ్గర తప్పాడని.

ఇక ఓఎంఆర్ షీట్. దీని మీద అందరూ ఎక్కువ టెన్షన్ పడతారు, నిజానికి దీనికి రెండు పీరియడ్లు చాలు. గుండ్రం నిండా నింపడం, ప్రశ్న నంబర్, గుండ్రాల వరస నంబర్ ఒకటేనా అని చూసుకోవడం. ఒక ప్రశ్న వదిలేసి, షీట్‌లో మాత్రం వరస వదలకపోతే అక్కడి నుంచి అన్నీ తప్పే పడతాయి, ఇది ఎన్నిసార్లు చూశానో. స్కేలు అడ్డం పెట్టుకుని ఒక్కో వరస కిందికి జరుపుకోవడం నేర్పండి. అంతే. రెండోసారి, మూడోసారి, పదోసారి ఓఎంఆర్ ప్రాక్టీస్ చేయించకండి. పరీక్ష రోజున వెనకబడ్డ పిల్లల్ని ఇంట్లో ఉండమనడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ఆ పిల్లలు ఏమనుకుంటారో ఒక్కసారి ఆలోచించండి, బడికి నా వల్ల చెడ్డపేరు అనుకుంటారు, ఆ మాట జీవితాంతం మర్చిపోరు.

తల్లిదండ్రులకి ఏం చెప్పాలి అన్నది కూడా మన సిద్ధపడటంలో భాగమే. అమెరికాలో రాష్ట్రాలు ఉమ్మడి ప్రమాణాలు తెచ్చుకున్నాయి, 2010లో ఉమ్మడి పరీక్షల తయారీకి రాష్ట్రాలు రెండు పెద్ద గుంపులుగా ఏర్పడ్డాయి, ఆ పరీక్షలు 2015లో పూర్తిగా మొదలయ్యాయి. వాటికంటే ముందే న్యూయార్క్ రాష్ట్రం 2013లో కొత్త ప్రమాణాలకి తగ్గ పరీక్ష పెట్టింది. 3 నుంచి 8 తరగతుల్లో అంతకు ముందేడు లెక్కల్లో 65 శాతం, ఇంగ్లిష్‌లో 55 శాతం మంది పాస్ గీత దాటారు, ఈసారి రెండిట్లోనూ 31 శాతమే. ఒక్క ఏడాదిలో పిల్లల తెలివి సగం పోతుందా? గీత పైకి జరిగింది, అంతే. టీచర్లకి పాఠాలు, శిక్షణ సరిగ్గా అందకముందే పరీక్ష వచ్చింది, పైగా ఆ మార్కుల్ని టీచర్ల పనితీరు లెక్కకి కలిపారు. తల్లిదండ్రులకి కోపం వచ్చింది, 2015 నాటికి ఆ రాష్ట్రంలో ఐదుగురిలో ఒకరు పిల్లల్ని పరీక్షకి పంపలేదు. కెంటకీ అనే రాష్ట్రం అందరికంటే ముందు 2012లోనే ఇలాంటి పరీక్ష పెట్టింది, అక్కడా మార్కులు బాగా పడిపోయాయి, కానీ పడిపోతాయని, ఎందుకు పడతాయని ముందే ఊరంతా చెప్పి పెట్టుకున్నారు, అంత గొడవ కాలేదు.

మన దేశం సంగతీ ఒకటుంది. పీసా అనే అంతర్జాతీయ పరీక్షలో ఒకసారి తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పిల్లలు కూర్చున్నారు, 74 ప్రాంతాల్లో 72, 73 స్థానాలు వచ్చాయి. ప్రశ్నలు మన పిల్లల సందర్భానికి తగినవి కావన్న వాదన వచ్చింది, ఆ వాదనలో కొంత నిజం ఉంది, నేను ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత ఏళ్ళ తరబడి మనం అందులో పాల్గొననే లేదు. జ్వరం ఎక్కువ చూపించిందని థర్మామీటర్ పక్కన పెట్టేసినట్టయింది. కాబట్టి వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లోనే చెప్పేయండి, కొత్త రకం పరీక్ష వస్తోంది, ఎఫ్ఏలో మంచి మార్కులు వచ్చే పిల్ల కూడా ఇందులో ఎక్కువ తప్పులు చేయొచ్చు, పిల్ల వెనకబడిందని కాదు, ఇప్పటిదాకా అడగనిది అడుగుతున్నారు అని. మీరు తెలుగులోనే, ఉర్దూలోనే, వాళ్ళకి అర్థమయ్యేలా చెప్తే తల్లులు అర్థం చేసుకుంటారు. నేను మెట్రో ప్రశ్న తల్లుల ముందు పెట్టాను ఒకసారి. ఒక అమ్మ, కూరగాయల బండి నడిపే ఆమె, అందరికంటే ముందు చెప్పింది, "స్టేషన్లు కాదు కదా మేడం లెక్కపెట్టేది, మధ్యలో దారి కదా" అని. వాళ్ళ అబ్బాయి పక్కనే నిలబడి అమ్మ వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

సార్, మీరు. "రాత ప్రశ్నల సంగతేంటి, ఆప్షన్లు లేనివి ఎలా దిద్దాలి" అంటున్నారు. అక్కడికే వస్తున్నాను. ఉమ్మడి కొలత అన్నప్పుడు కొలిచేవాళ్ళందరి చేతిలో ఒకే గజం ఉండాలి. పదో తరగతి పేపర్లు దిద్దే స్పాట్‌కి వెళ్ళిన వాళ్ళకి తెలుసు, ఒకే టేబుల్ మీద ఒకరు పది మార్కుల జవాబుకి ఏడు వేస్తే పక్కాయన నాలుగు వేస్తారు. లెక్కల్లో అలా జరగదని మేం లెక్కల టీచర్లం గొప్పలు చెప్పుకుంటాం. 1913లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు ఒకే ఒక్క జామెట్రీ జవాబు పత్రాన్ని నకళ్ళు తీసి వందకు పైగా టీచర్లతో దిద్దించారు. ఒకరు వందకి 30 కూడా వేయలేదు, ఇంకొకరు 90కి పైనే వేశారు. పత్రం ఒకటే. జవాబు తప్పయినా పద్ధతికి మార్కులివ్వాలా, బొమ్మ నీటుగా లేకపోతే తగ్గించాలా, ఒక మెట్టు వదిలేస్తే ఎంత కోయాలి, ఎవరికి తోచింది వాళ్ళు చేశారు.

దీనికి మందు ట్రైనింగ్ పీపీటీలో లేదు. కూర్చుని దిద్దడంలో ఉంది. ఒకే జవాబుని అందరూ విడివిడిగా దిద్ది, మార్కులు బోర్డు మీద రాసి, నువ్వెందుకు నాలుగు వేశావు, నేనెందుకు ఏడు వేశాను అని మాట్లాడుకోవడం. వాదన వస్తుంది, రానివ్వండి. మా కాంప్లెక్స్‌లో మేం మొదటిసారి చేసినప్పుడు ఒక గంటలో మూడు జవాబులే పూర్తయ్యాయి, కొంచెం గొడవ కూడా అయింది. నాలుగో నెలకి మా మార్కులు దగ్గరకొచ్చాయి, అంతకంటే పెద్ద విషయం ఏంటంటే, మార్కులు పక్కనపెట్టి "వీడు ఇక్కడ ఏమనుకుని ఉంటాడు" అని మాట్లాడుకోవడం మొదలైంది. కొత్తగా చేరిన ఒక టీచర్, పెద్దగా మాట్లాడని అమ్మాయి, ఒక రోజు అంది, ఈ పిల్లవాడు తీసివేతలో ప్రతిసారీ పెద్ద అంకెలోంచే చిన్నది తీస్తున్నాడు, పైనున్నా కిందనున్నా, అందుకే 52లోంచి 38 తీస్తే 26 రాశాడు అని. మేం సీనియర్లం ముగ్గురం ఆ పేపర్ని అజాగ్రత్త అని రాసి పక్కన పెట్టాం. ఆమె చెప్పాక వాడి నోటు పుస్తకం తెప్పించి చూస్తే ఏడాది పొడుగునా అదే పద్ధతి, ఒక్కసారి కూడా తప్పలేదు. అజాగ్రత్త కాదు అది, వాడి సొంత సూత్రం. ఎవరూ అడగలేదు కాబట్టి వాడు చెప్పలేదు.

ఇప్పుడు మీ అందరి దగ్గరికీ ఒక కవరు వస్తుంది. అందులో పది జవాబులున్నాయి, ఆరో తరగతి పిల్లలవి, పేర్లు తీసేశాం. అన్నీ ఒకే ప్రశ్నకి. మొదట పక్కవాళ్ళతో మాట్లాడకుండా, పెన్సిల్‌తో, ఒక్కోదానికి ఐదులో ఎన్ని మార్కులో వేయండి. ఆ తర్వాత తప్పులున్న ప్రతి జవాబు కింద ఒక వాక్యం రాయండి, ఈ పిల్ల ఏమనుకుని ఇలా రాసింది అని. "సరిగా చదవలేదు", "అజాగ్రత్త" అని మాత్రం రాయకండి, ఆ రెండు మాటలు ఈ పూటకి వాడొద్దు. ఇరవై నిమిషాలు. ఆరో నంబర్ జవాబు దగ్గర ఆగిపోతారు చాలామంది, నేనూ ఆగిపోయాను, అక్కడ తొందరపడకండి. సార్, ఆ కిటికీ దగ్గర ఫ్యాన్ కాస్త తగ్గిస్తారా, కాగితాలు ఎగిరిపోతాయి. అందరికీ అందాయా? మొదలుపెట్టండి.